కొలిమితిత్తి నుంచి చల్లగాలి గొట్టం దాకా

ఊపిరితిత్తులు అన్న మాటను మనం రోజూ వాడుతూనే ఉంటాం గాని, అందులోని తిత్తిని గురించి ఆలోచించడం తక్కువ. తిత్తి అంటే తోలుసంచి. కమ్మరి కొలిమి పక్కన నిప్పుకు గాలి ఊదేది కొలిమితిత్తి. రొమ్ము లోపల ఊపిరి ఆడించేది ఊపిరితిత్తి. సంస్కృతంలో కొలిమితిత్తిని భస్త్ర అంటారు. ప్రాణాయామంలో గాలిని వడివడిగా పీల్చి వదిలే పద్ధతికి భస్త్రిక అన్న పేరు దానినుంచే వచ్చింది. తెలుగువాడు తన దేహం లోపలి అవయవానికి పేరు పెట్టవలసి వచ్చినప్పుడు కమ్మరి కొలిమి వైపు చూశాడన్నమాట.

ఈ టపాలో చెప్పబోయేది నిప్పుకు గాలి అందించే విద్య గురించి. ఆ గాలి వేడిగా ఉంటే మేలా, చల్లగా ఉంటే మేలా అన్న ప్రశ్నకు రెండువందల ఏళ్ల చరిత్ర ఉంది. ఇంత పొడి ప్రశ్న మీద టపా ఎందుకంటారేమో. నా పూర్వ విద్యార్థి ఒకడు చెల్పూరు ప్రాంతంలో సొంత కారు కిరాయికి నడుపుకొని బతుకుతున్నాడు. అతడు వేసిన ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు. "సార్, కారుకు చల్లగాలి గొట్టం పెట్టిస్తే బలం పెరుగుతదంటున్నరు. మరి మన థర్మల్ ప్లాంటుల గాలిని వేడిచేసి పంపుతరు గద! రెండిట్ల ఏది నిజం?" అన్నాడు. నేను చెప్పింది తెలుగు పాఠాలే గాని యంత్రశాస్త్రం కాదు. అయినా ఇంత చక్కని ప్రశ్న వేసిన శిష్యుణ్ణి ఉత్తచేతులతో పంపడం గురుధర్మం కాదు. ఈ ప్రశ్న మీద అతడి కష్టార్జితం కొన్ని వేల రూపాయలు కూడా ఆధారపడి ఉంది.

చెల్పూరు గురించి తెలియనివారికి రెండు మాటలు. ఇది ఒకప్పటి వరంగల్లు జిల్లాలోనిది. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగాక జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి వచ్చింది. మండలకేంద్రం ఘనపురంలో కాకతీయుల నాటి కోటగుళ్లు, గణపసముద్రం చెరువు ఉన్నాయి. అక్కడికి ఎంతో దూరం లేని పాలంపేటలో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి ఉంది. 2021లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. చెల్పూరులో ఉన్నది కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం. 2010లో 500 మెగావాట్ల తొలి యూనిట్టు, 2016లో 600 మెగావాట్ల రెండో యూనిట్టు నడకలోకి వచ్చాయి. బొగ్గు భూపాలపల్లి చుట్టుపక్కల సింగరేణి గనులది.

రామప్ప గుడి స్తంభాల నల్లరాతి మీద అద్దంలాంటి నునుపును చూసి మనం శిల్పిని మెచ్చుకుంటాం. ఆ రాతిని చెక్కిన ఉలిని తలచుకోం. అంత గట్టి రాతికి ఉలి కావాలి, ఉలికి ఉక్కు కావాలి, ఉక్కుకు కొలిమి కావాలి, కొలిమికి గాలి కావాలి. ఉత్తర తెలంగాణలో ఇనుము కరగించిన చిట్టెపు కుప్పలు పల్లెపల్లెకూ కనిపిస్తాయి. 2010లో బెంగుళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఆదిలాబాదు, కరీంనగరు, నిజామాబాదు, వరంగల్లు జిల్లాలలో ఈ ఆనవాళ్లను సర్వే చేశాయి. నిజామాబాదు జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం పారశీక వర్తకులు ఇస్ఫహాను నుంచి వచ్చి కూర్చునేవారని హెన్రీ వాయిసీ అనే వైద్యుడు రాసిపెట్టాడు. ఇతడు లాంబ్టన్ సర్వే బృందంతో తిరిగిన భూగర్భ శాస్త్రవేత్త. 1824లో చనిపోయాడు, అతడి వ్యాసం 1832లో అచ్చయింది. పాశ్చాత్యులు 'ఊట్జ్' అని పిలిచిన ఆ లోహం పేరు మన 'ఉక్కు' నుంచే పుట్టిందని పలువురు పండితుల అభిప్రాయం. 1819లో లండనులో దాన్ని పరీక్షించి వ్యాసం ప్రకటించినవాడు మైకేల్ ఫారడే. ఆయన తండ్రి కమ్మరి అన్న సంగతి ఇక్కడ గుర్తుచేసుకోవడం బాగుంటుంది.

ఆ ఉక్కును మట్టి మూసలలో మూతవేసి వండేవారు. మూసలోని లోహానికి గాలి తగలదు. గాలి అంతా బయటి బొగ్గుకే. ఎంత గాలి ఊదాలి, ఎప్పుడు ఆపాలి అన్నది తిత్తి మీద ఉన్న చేతికి తెలుసు. నా చిన్నతనంలో తొలకరికి ముందు నాగలి కర్రులు సాపు చేయించడానికి రైతులు కొలిమి ముందు వరుస కట్టేవారు. బొగ్గు రంగు ఎరుపు నుంచి పసుపుకు తిరిగేదాకా ఊదడం, కర్రు వేయగానే కాస్త తగ్గించడం – ఇదంతా చూపుతో, చెవితో జరిగే పని. ఆ విద్యను ఎవరూ పుస్తకంలో రాయలేదు. కొలిమి చల్లారిన ఊళ్లలో ఆ విద్యా దానితోనే పోయింది.

ఇక ఐరోపా వైపు ఒకసారి చూద్దాం. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో అక్కడి ఇనుప కొలిమి యజమానులకు ఒక గట్టి నమ్మకం ఉండేది: ఊదే గాలి ఎంత చల్లగా ఉంటే ఇనుము అంత బాగా వస్తుందని. ఈ నమ్మకం గాలిలోంచి పుట్టింది కాదు. ఎండాకాలంలో కన్న చలికాలంలో కొలిమి బాగా పనిచేయడం వాళ్లు ఏటేటా కళ్లారా చూశారు. అందుకని గాలిని ఇంకా చల్లబరచడానికి నానా పాట్లు పడ్డారు.

గ్లాస్గోలో గ్యాసు కర్మాగారం నడిపే జేమ్స్ బోమాంట్ నీల్సన్ దీన్ని తలకిందులు చేశాడు. గాలిని ముందుగా వేడిచేసి కొలిమిలోకి ఊదమన్నాడు. 1828లో పేటెంటు పొందాడు. మొదట అందరూ నవ్వారు. క్లైడ్ ఇనుప కర్మాగారంలో లెక్కలు తేలాక నవ్వు ఆగింది. 1829లో టన్ను ఇనుము తీయడానికి 8 టన్నుల బొగ్గు పట్టేది. గాలిని వేడిచేశాక 1830లో 5 టన్నుల పైచిలుకు పట్టింది. గాలి వేడిని ఇంకా పెంచి, కోకు బదులు పచ్చిబొగ్గునే వాడడం మొదలయ్యాక 1833 నాటికి రెండుంపావు టన్నులకు దిగింది.

మరి చలికాలంలో కొలిమి బాగా మండడం అబద్ధమా? కాదు, అది నిజమే. చలికాలపు గాలిలో తేమ తక్కువ. కొలిమిలోకి పోయే నీటి ఆవిరి వేడిని తినేస్తుంది. 1904లో అమెరికాలోని పిట్స్‌బర్గు దగ్గర జేమ్స్ గేలీ అనే ఇంజనీరు గాలిని శీతలయంత్రంతో ఆరబెట్టి, తర్వాత వేడిచేసి కొలిమికి పంపాడు. కోకు ఖర్చు గణనీయంగా తగ్గింది. పాతవాళ్లు చూసింది సరిగానే చూశారు, దానికి చెప్పుకొన్న కారణం తప్పు. వాళ్లకు మేలు చేసింది చలి కాదు, పొడితనం. కార్యాన్ని చూసి కారణాన్ని ఊహించడంలో ఎంత జాగ్రత్త కావాలో తర్కశాస్త్రం చదివిన మిత్రులకు నేను చెప్పనక్కరలేదు.

చెల్పూరులో జరుగుతున్నది నీల్సన్ చూపిన దారే. బాయిలరులో బొగ్గు మండాక పొగ ఇంకా ఎంతో వేడితో బయటికి పోతుంది. ఆ వేడిని వృథాగా ఆకాశానికి అర్పించకుండా, లోపలికి వచ్చే కొత్త గాలికి అందించే యంత్రం ఒకటుంది. దానిని ఎయిర్ ప్రీహీటరు అంటారు. స్వీడను దేశస్థుడు ఫ్రెడ్రిక్ యుంగ్‌స్ట్రోమ్ 1920లో తిరుగుడు చక్రం రూపంలో దీన్ని కనిపెట్టాడు. రేకులు కూర్చిన పెద్ద చక్రం మెల్లగా తిరుగుతుంది. ఒకవైపు పొగలో వేడెక్కిన రేకులు ఇంకోవైపుకు వచ్చి చల్లగాలికి ఆ వేడినిస్తాయి. ఈ తరహా కేంద్రాలలో గాలి సుమారు 300 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఆ గాలిలో కొంత బొగ్గును పొడిచేసే మిల్లులలోకి వెళ్లి తడిని ఆరబెడుతుంది. బయటికి పోయే పొగ వేడిని ఇరవై డిగ్రీలు తగ్గించగలిగితే బాయిలరు సామర్థ్యం దాదాపు ఒక శాతం పెరుగుతుందని ఇంజనీర్ల వాడుక లెక్క. 500 మెగావాట్ల యూనిట్టు పూర్తి భారంతో నడిచేటప్పుడు గంటకు వెయ్యి టన్నులకు మించి గాలి పీలుస్తుంది. అంత గాలిని వేడిచేయడానికి వేరే బొగ్గు కాల్చనక్కరలేకపోవడం ఎంత ఆదాయో ఊహించుకోండి.

అయితే కారుకు చల్లగాలి ఎందుకు? ఇక్కడే అసలు కీలకం ఉంది. దీన్ని చెప్పడానికి మన కొలతపాత్ర కుంచాన్ని అరువు తెచ్చుకుంటాను.

కుంచం నిండా బియ్యం పోయవచ్చు, కుంచం నిండా పేలాలూ పోయవచ్చు. చూపుకు రెండూ నిండు కుంచాలే. వండితే ఏది ఎందరి కడుపు నింపుతుందో ఇల్లాలికి తెలుసు. ఇంజనులోని సిలిండరు ఒక కుంచం. దాని కొలత కర్మాగారంలోనే ఖాయమైపోయింది. చల్లగాలి బియ్యంలాంటిది, ఒత్తుగా పడుతుంది. వేడిగాలి పేలాలలాంటిది, ఉబ్బి చోటు తింటుంది. మండడానికి పనికివచ్చేది గాలి బరువే గాని దాని పరిమాణం కాదు. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువులో సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. గాలి తగ్గితే దానికి తగ్గట్టు పెట్రోలూ తగ్గించవలసిందే, బలమూ తగ్గవలసిందే.

బాయిలరుకు ఇలాంటి కుంచం లేదు. గాలి ఉబ్బితే ఫ్యాను ఇంకాస్త తోస్తుంది, అంతే. అక్కడ మిగుల్చుకోవలసినది వేడిని; ఇక్కడ మిగుల్చుకోవలసినది చోటును. ఒకే గాలి, ఒకే నిప్పు, పాత్రలు మాత్రం వేరు. నా శిష్యుడి ప్రశ్నలో 'ఏది నిజం' అన్నదానికి రెండూ నిజమే అన్నది జవాబు.

లెక్క కూడా చూద్దాం. మన అంబాసిడరు పెట్రోలు ఇంజను 1489 సీసీ. నిమిషానికి 3000 చుట్లు తిరిగేటప్పుడు, రెండు చుట్లకు ఒకసారి చొప్పున సిలిండర్లు నిండుగా నిండితే, నిమిషానికి సుమారు 2230 లీటర్ల గాలి పీలుస్తుంది. కదలక కూర్చున్న మనిషి నిమిషానికి పీల్చేది ఏడెనిమిది లీటర్లు. అంటే ఆ కారు మూడువందల మంది ఊపిరిని ఒక్కటే పీలుస్తున్నదన్నమాట. భూపాలపల్లి వేసవిలో 40 డిగ్రీల వేడిలో ఘనపు మీటరు గాలి బరువు సుమారు 1.13 కిలోలు. బానెటు కింద 70 డిగ్రీలకు వేడెక్కిన గాలి అయితే 1.03 కిలోలే. తొమ్మిది శాతం తేడా.

ఈ సంగతి తెలుగునేలకు నిన్నా మొన్నా వచ్చింది కాదు. 1932లో నిజాం స్టేట్ రైల్వే వారి రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో మొదలైంది. ఆనాటి ఆల్బియన్ బస్సులు నీల్సన్ ఊరైన గ్లాస్గోలో తయారైనవే. తర్వాత కొన్నేళ్లకే రెండో ప్రపంచయుద్ధం వచ్చి పెట్రోలుకు రేషను పడింది. అప్పుడు దేశమంతటా బొగ్గు బస్సులు తిరిగాయి. బస్సు వెనక ఒక ఇనుప పొయ్యి, అందులో కట్టెబొగ్గు. చాలినంత గాలి అందకుండా మండిస్తే మండే స్వభావంగల వాయువు పుడుతుంది. దాన్నే ఇంజనులోకి పంపేవారు. క్లీనరు పొద్దున్నే లేచి ఫ్యాను చేతితో తిప్పి నిప్పు రాజేసేవాడని, ఎత్తు వచ్చిన చోట జనం దిగి నడిచేవారని మా పెద్దలు చెప్పేవారు. ఆ వాయువుతో ఇంజను బలం సగానికి దగ్గరగా పడిపోయేది. ఉన్న బలమైనా దక్కాలంటే పొయ్యిలోంచి వచ్చిన వేడి వాయువును గొట్టాలగుండా తిప్పి చల్లార్చి, బూడిద వడగట్టి, అప్పుడు సిలిండరుకు ఇవ్వాలి. వేడిగా ఇస్తే పేలాల కుంచమే. పొయ్యిలో వీలైనంత వేడి, ఇంజను వాకిట్లో వీలైనంత చల్లదనం – రెండు సూత్రాలూ ఒకే బస్సు వెనక కూర్చుని ప్రయాణం చేశాయి. ఆ క్లీనరుకు చదువు ఉన్నా లేకపోయినా ఈ భేదం చేతికి తెలుసు.

చల్లదనానికి కూడా హద్దుంది. 1893లో మేబాక్ రూపొందించిన తుంపర కార్బురేటరు పెట్రోలును గాలిలోకి చిమ్ముతుంది. పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు చుట్టూ వేడిని లాక్కుంటుంది. చలిదేశాలలో గాలిలోని తేమ అక్కడే మంచుగా పేరుకుని దారి మూసేది. అందుకే కొన్ని పాత కార్ల గాలి వడపోత డబ్బాకు ఎండాకాలం, చలికాలం అని రెండు మార్పులుండేవి. చలికాలం వైపు తిప్పితే పొగగొట్టం పక్కనుంచి వెచ్చని గాలి వచ్చేది.

ఇంకొక మెట్టు ఎక్కితే టర్బో వస్తుంది. 1905లో స్విట్జర్లండువాడైన ఆల్ఫ్రెడ్ బ్యూకీ దీనికి పేటెంటు తీసుకున్నాడు. బయటికి పోయే పొగ బలంతోనే ఒక చక్రాన్ని తిప్పి, కుంచంలోకి గాలిని అదిమి నింపడం దీని కిటుకు. సైకిలు పంపు నాలుగుసార్లు కొట్టి అడుగున చెయ్యి పెట్టి చూడండి, చురుక్కుమంటుంది. అదిమిన గాలి వేడెక్కుతుంది; వేడెక్కితే మళ్లీ ఉబ్బుతుంది. కనుక మధ్యలో దాన్ని చల్లార్చాలి. యుద్ధకాలపు స్పిట్‌ఫైరు విమానాల మెర్లిన్ ఇంజన్ల తరువాతి రకాలలో ఇలాంటి ఇంటర్‌కూలరు ఉండేది. ఈనాడు భూపాలపల్లి బాటలో బొగ్గు మోసే లారీలలోనూ అదే ఏర్పాటు.

ఇప్పుడు డబ్బు సంగతి. పైన చెప్పిన తొమ్మిది శాతం చూసి మురిసిపోకూడదు. ఈనాటి కార్లలో చాలావాటికి గాలి గొట్టం మూతిని కర్మాగారంలోనే బానెటు ముందుభాగాన, బయటిగాలి తగిలేచోట పెట్టి పంపిస్తున్నారు. చల్లగాలి గొట్టం అప్పటికే ఉందన్నమాట. దాన్ని పీకి, అంగట్లో దొరికే మెరుగు గొట్టం, శంఖం ఆకారపు వడపోత తగిలించి, ఆ వడపోతను ఇంజను వేడికి ఎదురుగా వదిలేస్తే బియ్యం పారబోసి పేలాలు కొన్నట్టే. ఆ గొట్టంతో శబ్దం గంభీరమవుతుంది. చెవి ఆ శబ్దాన్ని బలం అనుకుంటుంది. నాటి కొలిమి యజమానులు పొడితనాన్ని చలి అనుకున్నట్టే ఇదీను. నిజంగా బయటిగాలి తెచ్చే మంచి అమరిక అయినా, పాదం పూర్తిగా అదిమినప్పుడే దాని ఫలం, అదీ స్వల్పం. కిరాయి కారు అలా నడిచే ఘడియలు రోజుకు ఎన్ని?

దానికన్న ముఖ్యం వడపోత. బొగ్గు లారీలు తిరిగే దారిలో గాలి అంటే గాలి ఒక్కటే కాదు. మట్టిలోని, బూడిదలోని ఇసుకరేణువు ఇనుముకన్న గట్టిది. అది సిలిండరు గోడను సానరాయిలా అరగదీస్తుంది. గాలి సులువుగా పోయే వడపోతలోంచి దుమ్మూ కొంత సులువుగానే పోవచ్చు. కంపెనీ కాగితపు వడపోతను వేళకు మార్చుకుంటే అదే పెద్ద మేలు. పైగా 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చడాన్ని నియంత్రిస్తుంది. వారంటీ చిక్కులు వేరే. ఈ మాటలన్నీ శిష్యుడితో చెప్పాను. వడపోత మార్పించి, మిగిలిన డబ్బుతో టైర్లు వేయించుకున్నాడు.

గొట్టం మూతి కిందికి దించడంలో ఇంకొక ప్రమాదముంది. నేలకు దగ్గరగా గాలి చల్లగా దొరుకుతుందని కొన్ని అమరికలలో మూతిని చక్రం దగ్గరికి దించుతారు. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచెత్తిన సంగతి ఈ ప్రాంతంవారికి మరపురానిది. హెలికాప్టర్లు వచ్చి మనుషులను కాపాడవలసి వచ్చింది. అటువంటి దారులలో నీళ్లలోకి దిగిన కారు గాలితోపాటు నీటినీ పీలుస్తుంది. గాలి అదిమితే అణుగుతుంది, నీరు అణగదు. పిస్టను పైకి వచ్చి నీటిని గుద్దుకుంటే లోపలి కడ్డీ వంగిపోతుంది. పొలమారిన మనిషి ఉక్కిరిబిక్కిరైనట్టు ఇంజను అక్కడికక్కడే ఆగిపోతుంది. వాగు దాటే బండికి ముక్కు ఎత్తుగా ఉండటమే క్షేమం.

చివరగా భాష సంగతి. దీన్ని తెలుగులో ఏమనాలి? శీతవాయుగ్రాహి అంటే నా పండితహృదయం సంతోషిస్తుంది గాని మెకానిక్ షెడ్డులో ఎవరూ తిరిగి చూడరు. నా శిష్యుడు అలవోకగా చల్లగాలి గొట్టం అన్నాడు. అంతకు మించిన మాట నాకు తోచలేదు. మన పూర్వులు కొలిమిని చూసి ఊపిరికి పేరుపెట్టిన పద్ధతిలోనే అది పుట్టింది: పనిముట్టు, దాని పని, అంతే. ఇంతకన్న మంచి మాట తట్టినవారు వ్యాఖ్యలో రాయండి. మీ ఊళ్లో ఇంకా తిత్తి ఊదే కొలిమి ఉంటే, ఆ చేతులకు తెలిసిన మాటలు కూడా అడిగి రాసిపెట్టండి. కొలిమి చల్లారకముందే ఆ పని జరగాలి.